నోరెండని మనిషి

చేతిలో అడ్డాకు విస్తరితో రాజ్యం నలుగురు మగవాళ్ల ముందు నిలబడి ఉంది. పోయిన వారం మనం ఊపిరి బిగబట్టి ఆగింది అక్కడే. ఈ మధ్యలో ఎవరి పనులు వాళ్లకి, ఎవరి తలనొప్పులు వాళ్లకి ఉంటాయి గనుక, మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

చోడవరం నుంచి దేవరాపల్లి వెళ్లే రోడ్డు పక్కన, చెరుకు తోటల మధ్య బంగార్రాజు వాళ్ల ఇల్లూ, ఇంటికి ఆనుకునే చెరుకు గానుగా ఉన్నాయి. గానుగాడే రోజుల్లో బెల్లం పాకలో కాపలా పడుకోవడం సన్యాసమ్మకి అలవాటు. పిల్లల్లేని ముసలామె. బంగార్రాజుకి పెద్దమ్మ. కన్నతల్లి కన్నా ఎక్కువగా వాణ్ణి పెంచింది. ఆ సన్యాసమ్మ ఒక తెల్లవారుజామున బెల్లం దిమ్మల పక్కన శవమై కనిపించింది. ఎవరో గొంతు నులిమారు. మెడలో ఉండాల్సిన బంగారు పట్టెడ లేదు. ఆ రాత్రి గానుగ దగ్గర ఉండాల్సిన మగవాళ్లు నలుగురు. రాజ్యం మొగుడు బంగార్రాజు, పాకం వండే దాసు, గానుగ ఎడ్లు తోలే పెదబాబు, ఆ ఇంటి అల్లుడు సత్యారావు. ఎవరో మీలో మీరు తేల్చుకుని చెప్పండి, లేదంటే నలుగుర్నీ తీసుకుపోతానని హెడ్డు కానిస్టేబులు గడువు పెట్టి వెళ్లాడు. అప్పుడు బంగార్రాజు మేనమామ గణపతిరావు, ఊళ్లో నలుగురూ మాట వినే పెద్దమనిషి, బియ్యం నమిలిద్దామన్నాడు.

పట్నంలో ఉండేవాళ్లకి ఈ పద్ధతి తెలియకపోవచ్చు. రాత్రంతా అమ్మవారి ముందు పెట్టిన పచ్చి బియ్యం, అనుమానం ఉన్న ప్రతివాడి నోట్లోనూ గుప్పెడు పోసి నమలమంటారు. నమిలింది విస్తట్లో ఉమ్మమంటారు. తప్పు చేసినవాడికి భయంతో నోరు ఎండిపోతుంది, వాడి బియ్యం పొడిపిండిలా రాలుతుంది. తప్పు చేయనివాడి బియ్యం తడిసి ముద్దగా వస్తుంది. ఇదీ నమ్మకం. బియ్యం పోసేదీ, విస్తరి పట్టేదీ ఆ ఇంటి ముత్తైదువే కావాలి. ఆ ఇంట్లో ముత్తైదువ రాజ్యం ఒక్కతే. తన మొగుడి ప్రాణం తన చేతిలో విస్తరిలోనే తేలబోతోందని తెలిసినా, పట్టుకోక తప్పలేదు పాపం ఆ పిల్లకి.

ముందు దాసు నమిలాడు. ముప్పై ఏళ్లుగా పొయ్యి సెగలో నల్లబడ్డ మొహం, ఆ పూట బూడిద రంగులో ఉంది. సగం తడి, సగం పొడి రాలింది. గణపతిరావు వంగి చూసి తల పంకించాడు. తర్వాత పెదబాబు. నమల్లేక దగ్గుతూ, ఉండలు ఉండలుగా ఉమ్మాడు. అదీ సరే అనిపించుకుంది.

మూడోవాడు సత్యారావు. అతను మామూలుగా వచ్చి నిలబడి, మామూలుగా నోరు తెరిచి, తాంబూలం వేసుకున్నవాడిలా నింపాదిగా నమిలాడు. విస్తట్లో పడ్డ బియ్యం పాలలో నానబెట్టినట్టు ఉంది. భుజం మీద తువ్వాలుతో మూతి తుడుచుకుని, "సాలా సెల్లెమ్మా, ఇంకా నవలాలా" అన్నాడు మెల్లిగా. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అతనంటే అందరికీ అంత అభిమానం. బంగార్రాజు చెల్లెలు నరసమ్మని చేసుకున్నాడు. రెండేళ్ల కిందట నరసమ్మ నూతిలో పడి పోతే, ఆ ఇంటివాళ్లు అతన్ని పొమ్మనలేక కొడుకులా అట్టేపెట్టుకున్నారు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఎవరింట్లో కష్టమొచ్చినా మొదట వచ్చి కూర్చునేవాడు అతనే.

ఇక బంగార్రాజు సంగతి. అతని కోపం చోడవరం సంతలో కూడా ప్రసిద్ధం. కూరలో ఉప్పు తక్కువైతే కంచం పెరట్లోకి ఎగిరేది. ఎద్దుని కొట్టేవాడు, కొట్టి మళ్లీ దాని పక్కన కూర్చుని వీపుకి నూనె రాసేవాడు. మొన్నీమధ్య, మంచులో పాకలో పడుకోవద్దంటే సన్యాసమ్మ వినలేదని, "నీ సావు నా సేతుల్లోనే ఉంది ముసిల్దానా" అని అందరూ వింటూండగా అరిచాడు. అరిచిన ఆ మాటే ఇప్పుడు ఉరితాడై కూర్చుంది.

అతను నమలడం మొదలుపెట్టాడు. దవడలు ఆడుతున్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గుటకలు వేస్తున్నాడు. రాజ్యం విస్తరి అతని గడ్డం కింద పెట్టింది. తెల్లటి పొడి, ముగ్గుపిండిలా జలజలా రాలింది. తడి అన్న మాటే లేదు.

గణపతిరావు చుట్ట ఆర్పి లేచాడు.

"ఇంకేటుంది. ఆడి కోపం మనకి తెల్దా. మాటా మాటా పెరిగుంటాది, సెయ్యి ఆగలేదు. ఒరే బంగారీ, పట్టెడ ఏం సేసేవురా?"

బంగార్రాజుకి భయమేస్తే నాలుక తిరగదు. "మావా... నాను... నాను కాదు" అన్నాడు, అంతే. ఆ తడబాటు కూడా నేరం కిందే జమైపోయింది.

రాజ్యం ధైర్యం కూడగట్టుకుంది. "మావయ్యా, ఆ రాత్రి మీ మేనల్లుడు గానుగ కాడ లేడు. గుంటకి జొరమొచ్చిందని ఇంటికొచ్చేడు. తెల్లారేదాకా దాన్ని గుండెలమీదే ఏసుకుని కూకున్నాడు."

నిజం అదే. కూతురు చిన్నమ్మికి ఒళ్లు కాలిపోతోందని తెలిసి, గానుగ దగ్గర మిగతావాళ్లు నిద్రలో ఉండగా ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చాడు. పెద్దమ్మని అక్కడ వదిలి వచ్చాననే కుమిలిపోతున్నాడు బంగార్రాజు. నోరు ఎండింది అందుకే. కానీ గణపతిరావు ఆమె వంక జాలిగా చూశాడు. "మొగుడి కోసం పెళ్లాం అలాగే సెప్తాదమ్మా. నిన్ను తప్పు పట్టను. లోపలికెల్లు."

ఆ మాట అంటున్నప్పుడు అందరూ బంగార్రాజునే చూస్తున్నారు. ఒక్క సత్యారావు మాత్రం రాజ్యాన్ని చూస్తున్నాడు.

విస్తరి పారేయడానికి రాజ్యం ఇంటి వెనక్కి వెళ్లింది. వెంట తెచ్చిన బియ్యం కుండలో ఇంకా కొంచెం మిగిలి ఉంది. ఎందుకు తోచిందో ఆమెకే తెలియదు, గోడవైపు తిరిగి గుప్పెడు నోట్లో వేసుకుంది. నమిలింది. ఎంత నమిలినా నాలుక కదలడం లేదు, అంగిట్లో ఇసక పోసినట్టుంది. అరచేతిలో ఉమ్ముకుని చూసుకుంటే, మొగుడి నోట్లోంచి రాలిన పొడే, రవ్వంత తేడా లేదు.

తను ఎవర్నీ చంపలేదు. మరి తన నోరు ఎందుకు ఎండింది?

అక్కడే నిలబడి ఆలోచించింది. దాసు ఎవరి జోలికీ పోడు, అతనిదీ సగం ఎండింది. పెదబాబు పచ్చి మంచినీళ్లలాంటి మనిషి, అతనికీ గొంతు పట్టేసింది. ఇంట్లో పీనుగ లేచి, పోలీసులు తిరుగుతూ, పెద్దలు చుట్టూ కూర్చుని ఉంటే, ఎవరికి నోరు ఎండదు? మనిషన్నవాడికి భయం వేసి తీరుతుంది. ఆ ఎండలో, ఆ జనం మధ్య, అణువంత భయం కూడా లేకుండా నమిలినవాడు ఒక్కడు.

ఆ ఆలోచన రాగానే, అంతవరకూ పక్కపక్కన పడి ఉన్న చిన్న చిన్న సంగతులు ఒకదాని వెనక ఒకటి లేచి వచ్చాయి. నరసమ్మని నూతిలోంచి తీసిన రోజు, ఇల్లంతా గొల్లుమంటూంటే, సత్యారావు వంటింటి గుమ్మంలోకి వచ్చి మజ్జిగ ఉందా అని అడిగాడు. దుఃఖంలో మతిపోయింది పాపం అనుకుంది అప్పుడు. మొన్న సన్యాసమ్మని బయట పడుకోబెట్టినప్పుడు, అతను ముందు అందరి మొహాలూ చూశాడు. పంక్తిలో కొత్తగా కూర్చున్నవాడు పక్కవాడి విస్తరి చూసి ఏది ముందు కలుపుకోవాలో తెలుసుకున్నట్టు, ఒకసారి చుట్టూ చూసి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టాడు. మనం కళ్లెర్రజేసేవాణ్ణి చూసి జడుస్తాం, పిల్లల్ని దూరంగా లాక్కుంటాం. నవ్వుతూ వచ్చేవాడికి పీట వేస్తాం. రాజ్యం కూడా రెండేళ్లుగా ఆ మనిషికి పీట వేసి అన్నం పెడుతూనే ఉంది.

ఆమె పరుగున ముందు వాకిట్లోకి వచ్చింది. అప్పటికే బండి కట్టారు. బంగార్రాజుని మధ్యలో కూర్చోబెట్టి, అటూ ఇటూ దాసూ, పెదబాబూ ఎక్కారు. సాక్ష్యానికి వాళ్లూ కావాలట. అత్త అచ్చియ్యమ్మ, కొడుకు కాళ్లు వదలనని బండి పట్టుకు వేలాడుతూంటే, గణపతిరావు ఆమెని కూడా ఎక్కించాడు.

"అత్తా, ఒక్క మాట," అని రాజ్యం ఆమె చెవి దగ్గరికి వంగింది. "అన్నయ్యగారిని... సత్యారావు అన్నయ్యగారిని ఒకపాలి..."

"ఆడు మనిషి కాదే, దేవుడు," అంది అచ్చియ్యమ్మ ఏడుస్తూ. "ఆడుండబట్టే నిన్నూ గుంటనీ ఇక్కడ ఒగ్గి ఎల్తన్నాను."

"నేనూ వస్తాను మావయ్యా. నన్ను ఇక్కడ ఒదలొద్దు."

"సంటిగుంటని ఏసుకుని టేసనుకి ఎక్కడొస్తావమ్మా. సత్యారావు ఉన్నాడు గదా, నీకు భయమేటి?" అన్నాడు గణపతిరావు.

దాసు బండి మీంచే వెనక్కి తిరిగి బాధగా చూశాడు. "బాబూ, పెనం మీద రసం మరుగుతంది. ఇప్పుడొగ్గేస్తే మాడిపోద్ది."

అదొక చిక్కు. చెరుకు రసం ఒకసారి పెనం మీద మరగడం మొదలుపెట్టాక మనిషి పక్కకి కదలకూడదు. ఇంట్లో పెళ్లయినా, పీనుగైనా, పాకం దిగేదాకా ఒకరు తెడ్డు తిప్పుతూ ఉండాలి, ఒకరు కింద పొయ్యిలో ఎండు పిప్పి వేస్తూ ఉండాలి. ఆ చుట్టుపక్కల రైతులెవరూ ఆ మాట కాదనరు.

"నేను సూసుకుంటాను దాసూ," అన్నాడు సత్యారావు. "తెడ్డు నేను తిప్పుతాను. సెల్లెమ్మ పిప్పి ఏస్తాది."

బండి కదిలింది. రోడ్డు మలుపు తిరిగేదాకా బండి చక్రాల చప్పుడు వినిపించింది, తర్వాత చెరుకు ఆకుల గలగల తప్ప ఇంకేమీ లేదు.

గానుగ దగ్గర పొయ్యి తవ్విన తీరు చెప్పాలి. పెద్ద గొయ్యి తవ్వి, దాని మీద బారెడు వెడల్పున్న లోతు పెనం పెడతారు. పిప్పి వేసేవాళ్లు మెట్లు దిగి ఆ గోతిలో కూర్చోవాలి. తెడ్డు తిప్పేవాడు పైన, పెనం అంచు పక్కన నిలబడతాడు. కిందనున్నవాళ్లకి పైవాడి నడుం దగ్గర్నించి కనిపిస్తుంది. గోతిలోంచి పైకి రావాలంటే పెనం వెనక నుంచి చుట్టు తిరిగి రావాలి.

రాజ్యం గోతిలో కూర్చుని పిప్పి తోస్తోంది. పారిపోదామంటే కూతురు చిన్నమ్మి పాక నీడలో చాప మీద నిద్రపోతోంది. జ్వరం నిన్ననే తగ్గింది. నిండా మూడేళ్లు లేవు. దాన్ని ఎత్తుకుని చోడవరం దాకా పరిగెత్తడం తనవల్ల అవుతుందా, అతను వెనకపడితే ఎంత దూరంలో అందుకుంటాడు, అని లెక్కలేసుకుంటోంది. తేలలేదు ఆ లెక్క.

"సెల్లెమ్మా," అన్నాడు సత్యారావు పైనుంచి. రసం మీద తేలిన మడ్డిని గరిటెతో తీసి పక్కన పోస్తున్నాడు. "పెరట్లో నువ్వు బియ్యం నవిలేవు గదా. ఎండినాయా?"

పిప్పి పట్టుకున్న రాజ్యం చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మంట తగ్గుతంది, ఎయ్యి," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, తొందర కూడా లేదు. "నేను సూసేను. నువ్వు తెలివైన దానివి. మన ఇంట్లో ఇంకెవరికీ ఆ పని తోచదు."

"నాకేటీ తెలీదు అన్నయ్యగారూ."

"తెలుసు. తెలిసిన మొహం ఎలాగుంటాదో నాకు తెలుసు. నరసమ్మ కూడా ఒక రోజు నన్ను ఇలాగే సూసింది."

నరసమ్మ కాలు జారి పడిందనే అనుకున్నారంతా. నీళ్లు తోడుతూ ఒక్కసారిగా తూలి పడిపోయిందని చెప్పింది ఎవరు? సత్యారావే. ఆ సమయంలో నూతి దగ్గర ఉన్నది ఎవరు? అదీ సత్యారావే. ఇన్నాళ్లూ ఆ రెండు సంగతులూ ఎవరూ కలిపి చూడలేదు.

"మీకు... పెద్దత్త మీద అంత కోపం దేనికండీ," అంది ఎలాగో. మాట్లాడిస్తూ ఉంటే ఈలోగా ఎవరైనా రాకపోతారా అని ఆశ.

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కోపమా? నాకు కోపం రాదు సెల్లెమ్మా. ఎవరిమీదా రాదు. బంగారీకి వస్తాది, ఆడికి అన్నీ వస్తాయి. కోపం, ఏడుపు, భయం. ఆణ్ణి సూస్తే, ఇంతగా ఎలా వస్తాయా అనిపిస్తాది నాకు. సిన్నప్పుడు మా అయ్య నన్ను భయపెట్టాలని తాడు కట్టి నూతిలోకి దింపేవాడు. అలా దింపుతానంటే మిగతా పిల్లలంతా అయ్య కాళ్లు పట్టుకునేవోరు. నాకు కిందనుంచి పైకి సూస్తంటే బాగుండేది. ఏడిస్తే పైకి లాగుతారని తెలిసింది, అందుకని ఏడవడం నేర్చుకున్నాను. ఎవరెవరు ఎప్పుడు ఎలా ఏడుస్తారో సూసి సూసి నేర్చుకోవాల. అలవాటైపోతాది."

"మరి పెద్దత్తని ఎందుకు..."

"పట్టెడ తీస్తంటే లేసింది. లేవకపోతే ఇప్పటికీ బతికుండును పాపం."

"ఆ పట్టెడతో మీకేటి పని?"

సత్యారావు తెడ్డు ఆపి కాసేపు ఆలోచించాడు. అడిగిన ప్రశ్నకి నిజాయితీగా సమాధానం వెతుకుతున్నట్టే ఉంది. "ఏమో మరి. దీపం ఎలుగులో మెరుస్తంది. తీద్దామనిపించింది," అన్నాడు.

రాజ్యం అంతకుముందు భయపడలేదా అంటే భయపడింది. కానీ ఆ మాట విన్నాక పట్టుకున్న భయం వేరు. పగబట్టినవాడికి పగ తీరే చోటొకటి ఉంటుంది, ఆకలితో చేసినవాణ్ణి అన్నం పెట్టి ఆపొచ్చు. ఈ మనిషిని ఏమని బతిమాలాలి? కాళ్లు పట్టుకుంటే, ఆడవాళ్లు కాళ్లు ఎలా పట్టుకుంటారో చూసి నేర్చుకుంటాడు.

అప్పుడే చిన్నమ్మి లేచింది. కళ్లు నులుముకుంటూ చుట్టూ చూసి, పాకం వాసన తగిలి, "మావయ్యా, బెల్లం" అంటూ పరిగెత్తుకు వచ్చింది.

"అమ్మీ, ఇటురా," అని రాజ్యం కేక వేసింది. గోతిలోంచి అమ్మ కేక పిల్లకి వినిపించలేదో, వినిపించినా బెల్లం ముందు ఆనలేదో. సత్యారావు వంగి దాన్ని ఎత్తుకుని చంకన వేసుకున్నాడు. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో తెడ్డు. కింద పెనం నిండా పాకం ఎర్రగా, చిక్కగా, బుడగలు పొంగి పగులుతూ కుతకుతలాడుతోంది. చిన్నమ్మి వంగి ఆ బుడగలు చూసి కిలకిల నవ్వింది.

రాజ్యం లేచి నిలబడింది.

"కూకో," అన్నాడు సత్యారావు. "గుంట బాగానే ఉంది. నువ్వు ఉలిక్కిపడితే అదీ ఉలిక్కిపడతాది. అంచుకాడ తడిగా ఉంది."

ఆమె కూర్చుంది. కూర్చుని, ఏం చేస్తోందో తెలియకుండా ఇంకో గుప్పెడు పిప్పి పొయ్యిలోకి తోసింది.

"ఇప్పుడు సెప్తాను, ఇను. పొద్దున్న నువ్వు మావయ్యకి ఒక మాట సెప్పేవు, బంగారీ ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నాడని. మావయ్య నమ్మలేదు. కానీ టేసనులో బంగారీ అదే సెప్తాడు. రాసుకున్నాక ఎవరో ఒకరు నిన్ను అడగడానికి వస్తారు. ఇద్దరూ ఒకటే మాట సెప్తే, మళ్లీ మొదట్నుంచీ ఎతకడం మొదలెడతారు. అదెందుకు? నువ్వు రాలేదని సెప్పు. ఒక్క మాట. మొగుడు కాబట్టి పొద్దున్న అబద్ధమాడేనని సెప్పు, నమ్ముతారు."

"ఉరేస్తారు అన్నయ్యగారూ ఆరిని."

"ఏస్తారేమో," అన్నాడు సత్యారావు. పిల్ల మూతికి కారిన చొంగ తువ్వాలుతో తుడిచి, "ఏటే అమ్మీ, బెల్లం కావాలా, సల్లారనీ" అన్నాడు. ఎంత ముద్దుగా అన్నాడంటే, రోడ్డు మీద పోయేవాడెవడైనా చూసి, మావయ్యంటే అలా ఉండాలని అనుకునే ఉంటాడు.

అతను చెప్పినట్టే జరిగింది. పాకం దిగకముందే రోడ్డు మీద జట్కా వచ్చి ఆగింది. హెడ్డు కానిస్టేబులు దిగాడు, వెనకనే గణపతిరావు దిగాడు. ఆ వెనక, చేతులు తాడుతో కట్టి ఉన్న బంగార్రాజు దిగాడు. అతని మొహం చూస్తే రాజ్యం గుండె తరుక్కుపోయింది. పొద్దున్నటి భయం ఆ మొహంలో లేదు, ఆశ ఉంది. తన పెళ్లాం ఒక్క మాట చెబితే చాలు, ఈ పీడకల వదిలిపోతుందని నమ్మి వచ్చిన మొహం అది.

"మా సెల్లి అచ్చియ్యమ్మ మా ఇంటికాడ కళ్లు తిరిగి పడిపోయింది," అన్నాడు గణపతిరావు సత్యారావుతో. "ఈ పూటకి అక్కడే ఉంటాది. ఇక్కడ నువ్వే సూసుకోవాల బాబూ."

"అలాగే మావయ్యా," అన్నాడు సత్యారావు. పెనం అవతలి అంచున నిలబడి ఉన్నాడు. చిన్నమ్మి నాన్నని చూసి "నాన్నా" అంటూ చేతులు చాపింది. సత్యారావు దాన్ని కొంచెం ముందుకి, పెనం మీదికి వంచి, "అదిగో నాన్న" అని చూపించాడు.

హెడ్డు గోతి దగ్గరికి వచ్చాడు. "చూడమ్మా. మీ ఆయన ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నానంటున్నాడు. పిల్లకి జ్వరమంటున్నాడు. నువ్వే సాక్షివి అంటున్నాడు. ఆలోచించుకుని చెప్పు, ఇది మామూలు మాట కాదు. ఆ రాత్రి ఇంటికి వచ్చాడా?"

రాజ్యం చూసింది. హెడ్డు తనకి దగ్గరగా ఉన్నాడు, పెనానికి దూరంగా ఉన్నాడు. గణపతిరావు ఇంకా దూరం. బంగార్రాజు చేతులకి తాడు. వాళ్లు ఎంత వేగంగా దూకినా పెనం చుట్టూ తిరిగి వెళ్లాలి. సత్యారావు ఏమీ చేయనక్కర్లేదు. చెయ్యి కొంచెం సడలిస్తే చాలు. కాలు జారిందని ఏడుస్తాడు, ఎంత బాగా ఏడుస్తాడంటే అందరూ అతన్నే ఓదారుస్తారు.

"రాలేదండి," అంది రాజ్యం.

"గట్టిగా చెప్పమ్మా."

"ఆ రాత్రి ఇంటికి రాలేదు. పొద్దున్న నేను అబద్ధం సెప్పేను."

గణపతిరావు కళ్లు మూసుకున్నాడు. హెడ్డు నిట్టూర్చి, టోపీ సర్దుకున్నాడు. కూరలో ఉప్పు తక్కువైతే ఇల్లెగిరిపోయేలా అరిచే బంగార్రాజు నోట్లోంచి ఒక్క మాట రాలేదు. పెళ్లాం వంక ఒకసారి చూశాడు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు. తర్వాత ఎవరూ తోయకుండానే తనంతట తనే వెళ్లి జట్కా ఎక్కాడు.

జట్కా కనుమరుగయ్యేదాకా రాజ్యం గోతిలోనే నిలబడింది. తర్వాత పడుతూ లేస్తూ చుట్టు తిరిగి పైకి వచ్చింది. సత్యారావు అప్పటికి పెనం దగ్గర్నుంచి ఇవతలికి వచ్చాడు. చిన్నమ్మి అతని మెడ చుట్టూ చేతులు వేసి పడుకుంది.

"ఇలా ఇయ్యండి అన్నయ్యగారూ," అంది రెండు చేతులూ చాపి. "మీరు సెప్పమన్నది సెప్పేను గదా."

"సెప్పేవు," అన్నాడు సత్యారావు. పిల్లని ఇవ్వలేదు. "కానీ సెల్లెమ్మా, ఇది హెడ్డుకి సెప్పిన మాట. రేపు కోర్టులో కూడా సెప్పాల గదా. అందాకా గుంట నా కాడే ఉంటాది."

పెనం మీద పాకాన్ని మాడేదానికి అలాగే వదిలేసి, చిన్నమ్మిని భుజం మీదకి సర్దుకుని, అతను ఇంటివైపు నడిచాడు.